ఉప్పెన ఎవరి మీదికి వస్తుంది?

కృష్ణా తీరంలో పెద్దవాళ్లు రెండు తేదీలు చెబుతారు. 1864 నవంబరు 1, బందరు: సుమారు 30 వేల మంది పోయారు. 1977 నవంబరు 19, దివిసీమ: అధికారిక లెక్కలోనే సుమారు 10 వేలు. రెండుసార్లూ ఎక్కువ ప్రాణాలు తీసింది నీరు. అయినా ఆ నీటి గురించే మనలో అపోహలు ఎక్కువ.

అపోహ: ఉప్పెన కూడా సునామీ లాంటిదే.

వాస్తవం: 2004లో వచ్చిన సునామీకి కారణం సముద్రగర్భంలో భూకంపం. ఉప్పెనను తెచ్చేది గాలి. గంటల తరబడి ఒకే వైపు వీచి సముద్రాన్ని ఒడ్డు మీదికి తోస్తుంది. మన తీరంలో లోతు తక్కువ, తోసిన నీరు అడుగు నుంచి వెనక్కి మళ్లలేక పైకి లేస్తుంది. వాయుపీడనం పడిపోతే నీరు పొంగే మాట నిజమే కానీ, మిల్లీబారుకు సెంటీమీటరు మాత్రమే. 70 మిల్లీబార్లు తగ్గినా మీటరు కూడా లేవదు. 1977లో లేచింది సుమారు 5 మీటర్లు. సముద్రపు పోటు సంగతి అటుంచితే, మిగతాదంతా ప్రధానంగా గాలి పనే.

అపోహ: తుఫాను వేరేచోట తీరం దాటితే మనకు గండం తప్పినట్టే.

వాస్తవం: 1977 నాటి తుఫాను దాటింది దివిసీమలో కాదు, దానికి పడమర, చీరాల వైపు. మన దగ్గర తుఫాను గాలులు గడియారం ముల్లుకు ఎదురు తిరుగుతాయి. అందుకే తుఫాను కదిలే దిశకు కుడిపక్కన గాలి సముద్రం నుంచి నేల మీదికి కొడుతుంది. దివిసీమ సరిగ్గా ఆ కుడిపక్కన పడింది. పాలకాయతిప్ప, సొర్లగొంది లాంటి ఊళ్లను నీరు ముంచేసింది. తుఫాను కబురు వినగానే మనం అడగాల్సిన మొదటి ప్రశ్న "ఎంత దూరం?" కాదు, "మనకు ఎటువైపు దాటుతుంది?"

అపోహ: రేవులో ప్రమాద హెచ్చరిక నంబరు పెరిగేకొద్దీ గాలి పెరిగినట్టు.

వాస్తవం: 8, 9, 10 మూడూ తీవ్ర తుఫానుకే. 8 అంటే తుఫాను దారికి ఎడమపక్కన రేవు, 9 అంటే కుడిపక్కన, 10 అంటే రేవు మీదుగా లేదా దగ్గరగా. 11 ఇంకా పెద్ద తుఫాను కాదు, హెచ్చరిక కేంద్రంతో సంబంధాలు తెగిపోయాయని అర్థం. బందరు వాసులకు ఈ నాలుగు అంకెల అర్థం బడిలోనే నేర్పాలని నా గట్టి అభిప్రాయం.

అపోహ: గుడివాడ దాకా సముద్రం రాదు, మాకేం?

వాస్తవం: ఉప్పెన అంతదూరం రాకపోవచ్చు. కానీ సముద్రమట్టం లేచి ఉన్నంతసేపూ మురుగు కాల్వల నీరు దిగదు. నవంబరులో కోతకొచ్చిన వరి నిలువునీటిలో నాని మొలకెత్తేది అందుకే.