పచ్చ హోటళ్లు: తప్పు సిబ్బందిదేనా?

చాలా హోటళ్ల స్నానాల గదుల్లో ఒక చిన్న కార్డు కనిపిస్తుంది. తువ్వాలు మళ్లీ వాడతారనుకుంటే కొక్కేనికి తగిలించండి, మార్చాలంటే కింద వేయండి, నీళ్లు ఆదా చేద్దాం అని దాని సారాంశం. అతిథి బుద్ధిగా తగిలించి ఊరు చూడ్డానికి వెళతాడు. తిరిగొచ్చేసరికి ఉతికిన తువ్వాలు మడతపెట్టి ఉంటుంది. పనివాళ్లకు పర్యావరణం ఏం పడుతుందిలే అన్న మాట అక్కడే పుడుతుంది. యాజమాన్యాలు అదే మాటను కాస్త మర్యాదగా, సిబ్బందిలో అవగాహన పెంచాలి అంటాయి. పర్యాటక రంగంలో ఇంత గట్టిగా పాతుకుపోయిన అపోహ మరొకటి లేదని నా అభిప్రాయం.

గదులు శుభ్రం చేసే ఆవిడ పని ఎలా సాగుతుందో చూస్తే విషయం తెలుస్తుంది. షిఫ్టు ముగిసేలోగా పది పదిహేను గదులు పూర్తి చేయాలి. వెనకాలే సూపర్‌వైజర్ చెక్‌లిస్టు పట్టుకుని వస్తాడు. దుప్పటి ముడతల్లేకుండా ఉందా, అద్దం మీద మరక ఉందా, తువ్వాళ్లు లెక్కకు సరిపోయాయా అని చూస్తాడు. వాడిన తువ్వాలు అలాగే వదిలేస్తే, అతిథి ఫిర్యాదు చేసినప్పుడు మాట పడేది ఆవిడే. కొత్తది పెడితే అడిగేవాళ్లు ఉండరు. మిగిల్చిన నీళ్లకు ఆ చెక్‌లిస్టులో గడే లేదు. అలాంటప్పుడు తువ్వాలు మార్చడం నిర్లక్ష్యం ఎలా అవుతుంది? తనకు నేర్పిన పనిని ఆవిడ శ్రద్ధగా చేస్తోంది.

అతిథుల సంగతీ ఇంతే. అమెరికాలో గోల్డ్‌స్టీన్, చాల్డీనీ, గ్రిస్కెవిషియస్ 2008లో ప్రచురించిన పరిశోధనలో, పర్యావరణాన్ని కాపాడండి అన్న మామూలు కార్డు చూసి తువ్వాలు మళ్లీ వాడినవారు సుమారు 35 శాతం. ఎక్కువమంది అతిథులు మళ్లీ వాడుతున్నారని రాసిన కార్డుకు అది 44 శాతానికి చేరింది. ఇదే గదిలో దిగినవారిలో ఎక్కువమంది అలా చేశారని రాస్తే 49 అయింది. కార్డు మీది వాక్యం మారితే చాలు, ఫలితం మారింది. నార్వేలో కాల్‌బెకెన్, సేలెన్ 2013లో ప్రచురించిన అధ్యయనం ఇంకో అడుగు ముందుకు వేసింది. బఫేలో ప్లేట్లు చిన్నవి చేస్తే పారేసే తిండి సుమారు 20 శాతం తగ్గింది. అతిథి దేవుడు, తక్కువ చేస్తే మళ్లీ రాడు అనేవారికి ఇక్కడే జవాబుంది: అతిథుల సంతృప్తి తగ్గలేదు. మన తిరుమలనే తీసుకోండి. ప్లాస్టిక్ నీళ్ల సీసాలు వద్దని భక్తులకు చెప్పి ఊరుకోలేదు. కొండమీద వాటిని నిషేధించి, గాజు సీసాలు అందుబాటులోకి తెచ్చి, తాగునీరు ఇచ్చే జలప్రసాదం కేంద్రాలు పెట్టారు. దాహం తీరే దారి చూపించాకే నిషేధం నిలబడుతుంది.

ఏర్పాటు మారిస్తే అంతా సరిపోతుందా అంటే, ఒక గట్టి అభ్యంతరం ఉంది. దాన్ని దాటవేయకూడదు. గదిని రోజూ కాక, అతిథి అడిగితేనే శుభ్రం చేసే పద్ధతి నీటినీ విద్యుత్తునూ ఆదా చేస్తుంది. కానీ పని తగ్గితే కూలి ఎవరికి తగ్గుతుంది? 2018లో అమెరికాలో 8 నగరాల్లో 7 వేలకు పైగా మారియట్ హోటల్ కార్మికులు సమ్మె చేశారు. శుభ్రం చేయించుకోకుండా ఉన్న అతిథులకు పాయింట్లిచ్చే పచ్చ పథకం మీద కూడా అప్పుడు వారి ఫిర్యాదు ఉంది. పని గంటలు పోతున్నాయని, రోజుల తరబడి ఊడవని గది ఒక్కసారే మీదపడితే నడుం విరుగుతోందని వారి బాధ. ఇది స్వార్థం అనడం అన్యాయం. ఉతుకుడు ఖర్చు మిగుల్చుకోవడానికే హోటళ్లు తువ్వాళ్ల కార్డుల మీద పర్యావరణం పేరు రాస్తున్నాయని పర్యావరణవేత్త జే వెస్టర్‌వెల్డ్ 1986లోనే విమర్శించారు. మిగిలిన డబ్బంతా యజమానికి, అలసటంతా పనివారికి చేరే పథకాన్ని సిబ్బంది మనసారా నడపాలని ఆశించడం తగదు. పచ్చదనం మీద వారికి వ్యతిరేకత ఉందని దీన్నుంచి తేల్చడం ఇంకా పెద్ద పొరపాటు.

శిక్షణ వృథా అని నేననడం లేదు. చెత్త వేరుచేయడం, రసాయనాలు కొలతగా వాడడం నేర్పితేనే వస్తాయి. అయితే శిక్షణ తరగతిలో ఒక మాట, సూపర్‌వైజర్ చేతి కాగితంలో ఇంకో మాట ఉంటే, గెలిచేది కాగితమే. ఇవన్నీ పెద్ద హోటళ్లకే సాధ్యం, మా లాడ్జి ఎక్కడ భరిస్తుంది అనే యజమానులూ ఉంటారు. సౌర పలకలకు, మురుగునీటి శుద్ధికి పెట్టుబడి కావాలి, నిజమే. తగిలించిన తువ్వాలును అలాగే ఉంచినందుకు ఎవరినీ తప్పుపట్టకూడదని చెక్‌లిస్టులో ఒక గీత చేర్చడానికి, శుభ్రం చేయని గదికి కూడా ఆ రోజు కూలి కోయకుండా ఉండడానికి సౌర పలకలంత ఖర్చు అవదు. పైగా ఉతుకుడులో మిగిలే డబ్బు ఆ యజమాని చేతిలోనే ఉంటుంది.