ఆపదలో పలికే ఫోను

వికారాబాదు నుండి తాండూరుకు రైలు మార్గం సుమారు 40 కిలోమీటర్లు. ఈ దారిలో ప్రయాణించేవారు కిటికీలోనుండి కంది చేలనూ నాపరాళ్ల గుట్టలనూ చూస్తారు గాని, పట్టాల పక్కనున్న విద్యుత్ స్తంభాలను అంతగా పట్టించుకోరు. ఆ స్తంభాలపై ఒకదాని కింద ఒకటిగా రెండు సంఖ్యలు ఉంటాయి. పై సంఖ్య కిలోమీటరును, కింది సంఖ్య ఆ కిలోమీటరులో స్తంభం వరుసను తెలుపుతాయి. విద్యుదీకరించిన మార్గాలలో రైల్వేవారు సుమారు కిలోమీటరుకు ఒకటి చొప్పున అత్యవసర ఫోను సాకెట్లను అమరుస్తారు. దగ్గరి సాకెట్ ఏ వైపున ఉన్నదో స్తంభం మీది బాణపు గుర్తు చూపుతుంది. రైలు నడిదారిలో నిలిచిపోతే, సిబ్బంది తమ వెంట ఉన్న ఫోనును ఆ సాకెట్‌కు తగిలించి కంట్రోలు కార్యాలయంతో మాట్లాడగలరు.

ఆపదలో ఉన్నవానికి ఫోను ఎక్కడున్నదో తెలియాలి, తానెక్కడున్నాడో చెప్పగలగాలి. బాణం మొదటి అవసరాన్నీ, సంఖ్యలు రెండవదాన్నీ తీరుస్తున్నాయి.

అమెరికాలోని అనేక విశ్వవిద్యాలయ ప్రాంగణాలలో నీలి దీపపు స్తంభాలను నెలకొల్పింది కూడా ఈ అవసరాల కోసమే. మీట నొక్కగానే భద్రతా కార్యాలయంలో ఫోను మోగుతుంది. పిలుపు ఏ స్తంభం నుండి వచ్చిందో అక్కడివారికి తెలుస్తుంది. భయంతో నోట మాట రాకపోయినా చోటు తెలిసిపోతుంది.

ఇటువంటి ఫోన్లు ఎంతవరకు ఉపయోగపడతాయో తేల్చాలంటే మొదట పటం గీయాలి. ఒక్కొక్క ఫోను చుట్టూ వృత్తం గీస్తే, ప్రాంగణమంతా వాటిలో ఇమిడినట్లే కనబడవచ్చు. అయితే కాగితం మీది దూరం వేరు, కాళ్లు నడిచే దూరం వేరు. నడుమ ఒక ప్రహరీ గోడ ఉంటే 50 మీటర్లు 500 మీటర్లవుతాయి. అందుచేత పటం చేతబట్టుకొని నడవాలి. అదీ రాత్రివేళ, ఇద్దరు ముగ్గురు కలిసి. గ్రంథాలయం నుండి వసతిగృహానికి పోయే దారిలో దీపం కనిపిస్తున్నదా? చెట్టుకొమ్మ అడ్డమున్నదా? చక్రాల కుర్చీలో ఉన్నవారికి మీట అందుతుందా? అవతలివారు ఎన్ని సెకన్లకు పలుకుతున్నారు?

అన్నిటిలో ఈ చివరి ప్రశ్నే ముఖ్యమైనది. 1935 నవంబరులో లండనులోని వింపోల్ వీధిలో ఒక ఇల్లు అంటుకొని ఐదుగురు స్త్రీలు మరణించారు. పొరుగాయన ఇంట ఫోను ఉన్నది. ఆయన ఫోను చేశాడు కూడా. ఎక్స్ఛేంజిలో ఇతరుల పిలుపులతోపాటు ఆయన పిలుపూ వరుసలో నిలిచిపోయింది. ఈ ఘటన తరువాతనే, 1937లో, అత్యవసర పిలుపులకు 999 సంఖ్య ఏర్పడింది.

నేడు చేతిలో సెల్‌ఫోను ఉండగా స్తంభమెందుకని కొన్ని విశ్వవిద్యాలయాలు వాటిని తొలగించాయి. ఆ వాదంలో న్యాయం లేకపోలేదు. కాని చార్జింగు అయిపోయిన సెల్‌ఫోను వట్టి బిళ్లతో సమానం. అనంతగిరి కొండల వంటి చోట్ల మలుపు తిరగగానే సిగ్నలు తప్పిపోవచ్చు.

మన కళాశాలలలో నీలి స్తంభాలు అరుదు. మనకున్నవి సంఖ్యలు. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 108 సేవ 2005 ఆగస్టు 15న ప్రారంభమైంది. పోలీసు, అగ్నిమాపక, వైద్య సహాయాలన్నిటికీ కలిపి ఇప్పుడు 112 ఉన్నది. ఫోను ఎత్తినవారు తప్పక అడిగే మాట, “ఎక్కడున్నారు?” తాండూరు పరిసరాలలో “నాపరాతి గని దగ్గర” అంటే ఏ గని అనుకోవాలి? కిలోమీటరు రాయి, గుడి, బడి, విద్యుత్ స్తంభంపై వేసిన సంఖ్య వంటి గుర్తు ఏదైనా చెప్పినప్పుడే వాహనం దారి తప్పకుండా చేరుతుంది.

కాబట్టి కళాశాల పటం గీసే విద్యార్థులు ఫోన్లతోపాటు ఇటువంటి గుర్తులను కూడా అందులో చేర్చాలి. సిగ్నలు అందని మూలలను రంగుతో సూచించాలి. కావలివాని గదిలోని ఫోను రాత్రి కూడా అందుబాటులో ఉంటుందో లేదో అడిగి రాసుకోవాలి. దానిని పరీక్షించదలచినప్పుడు కార్యాలయానికి ముందుగా తెలపాలి. 108కి గాని, 112కి గాని పరీక్ష కోసం ఫోను చేయరాదు; ఆ క్షణంలో నిజంగా ఆపదలో ఉన్న మరొకరి పిలుపు వెనుకబడవచ్చు.