బూజు పోగు కొసన ఏం జరుగుతుంది?

మందుల షాపుల్లో అమ్మే అరుగుదల సిరప్ సీసాల మీద చిన్న అక్షరాల్లో ‘ఫంగల్ డయాస్టేజ్’ అని కనిపిస్తుంది. అన్నంలోని పిండిపదార్థాన్ని చక్కెరలుగా విడగొట్టే ఎంజైమ్ అది. ఇచ్చేది ఆస్పర్జిల్లస్ ఒరైజే అనే బూజు. జపాన్‌లో సాకే, సోయా సాస్ తయారీకి శతాబ్దాలుగా వాడుతున్న ఈ బూజును జోకిచి తకమినె గోధుమ తవుడు మీద పెంచి, ఎంజైమ్ తీసే పద్ధతికి 1894లో అమెరికాలో పేటెంట్ పొందాడు.

ఈస్ట్ ఒంటికణ శిలీంధ్రం. బూజులు పోగులుగా పెరుగుతాయి. పోగుకు నోరు లేదు, పొట్ట లేదు. తిండి దొరికిన చోటే ఎంజైమ్‌లను వదిలి, కరిగిన చక్కెరలను లోపలికి పీల్చుకుంటుంది. జంతువు తిన్నాక అరిగించుకుంటే, బూజు అరిగించాక తింటుంది. ప్రొటీన్‌ను గడప దాటించడమే దాని బతుకుతెరువు. పరిశ్రమకు కావలసిందీ అదే: కణాలను పగలగొట్టే పని లేకుండా ద్రవాన్ని వడగడితే ఎంజైమ్ చేతికొస్తుంది.

అయితే పోగు చుట్టూ కైటిన్, గ్లూకాన్‌లతో అల్లిన గట్టి గోడ ఉంటుంది. అంత పెద్ద ప్రొటీన్ అణువు దాన్ని ఎలా దాటుతుంది? జవాబు పోగు కొసలో ఉంది. లోపల తయారైన ఎంజైమ్‌లు సన్నటి తిత్తుల్లో మూటకట్టుకుని, సూక్ష్మనాళికలనే పట్టాల మీద మోటారు ప్రొటీన్లు లాగుతుంటే కొసవైపు సాగుతాయి. న్యూరోస్పోరా బూజు జోరుగా పెరిగేటప్పుడు ఒక్కో కొసన నిమిషానికి సుమారు 38,000 తిత్తులు కణపొరలో కలవాలని 1970ల్లో లెక్కగట్టారు. తిత్తి కలిసిన క్షణాన రెండు పనులు ఒకేసారి జరుగుతాయి. దాని పొర చేరి కొస ముందుకు జరుగుతుంది. లోపలి సరుకు బయటపడుతుంది. పెరగడం, స్రవించడం ఇక్కడ వేరువేరు పనులు కావు! కొసన గోడ అప్పుడే పుట్టింది, దాని దారాల మధ్య అడ్డబంధాలు ఇంకా బిగియలేదు. ఆరని మట్టిగోడ లాంటి ఆ మెత్తదనంలోంచి ఎంజైమ్ జారిపోతుందని వివరణ.

కొసన ఈ తిత్తులు గుమిగూడే చోటును 1924లో బ్రున్స్‌విక్ ముదురు చుక్కగా చూసి ‘స్పిట్జెన్‌కోర్పర్’, అంటే కొస దేహం, అన్నాడు. 1957లో గిర్బార్ట్ బతికున్న పోగులోనే దాన్ని గమనించాడు: చుక్క ఏ పక్కకు ఒరిగితే పోగు ఆ పక్కకే తిరిగింది. 1991లో నెదర్లాండ్స్‌లో వోస్టెన్ బృందం ఆస్పర్జిల్లస్ నైగర్‌ను రెండు పలచని పొరల మధ్య పెంచి, గ్లూకోఅమైలేజ్ అనే ఎంజైమ్, పెరిగే కొసల్లోనే బయటపడుతోందని చూపింది. దాంతో కొస తప్ప వేరే దారి లేదన్న నమ్మకం స్థిరపడింది. అది తొందరపాటు. 2011లో జపాన్ పరిశోధకులు ఆల్ఫా అమైలేజ్‌కు మెరిసే ప్రొటీన్ తగిలించి చూస్తే, పోగు నడుమ అడ్డుగోడల దగ్గర కూడా అది బయటికి వస్తోంది.

స్రావంలో పేరుమోసింది ట్రైకోడెర్మా రీసై. రెండో ప్రపంచ యుద్ధకాలంలో సోలమన్ దీవుల్లో అమెరికా సేనల నూలు గుడారాలను తినేసిన బూజు ఇది. చాలాకాలం ట్రైకోడెర్మా విరిడే అని పొరబడ్డారు. 1977లో శాస్త్రవేత్త ఎల్విన్ రీస్ పేరు మీద ఇప్పటి పేరు వచ్చింది. పరిశ్రమలోని రకాలు లీటరుకు 100 గ్రాములకు మించి ప్రొటీన్ వదులుతాయి. అయినా 2008లో జన్యుక్రమం చదివితే, సెల్యులోజ్‌ను కోసే జన్యువులు సాటి బూజులకన్నా తక్కువే తేలాయి. దీని బలం ఆయుధాల సంఖ్యలో లేదు, వాటిని బయటికి పంపే వేగంలో ఉంది.

పరాయి ప్రొటీన్‌ను మాత్రం బూజు అంత తేలిగ్గా పంపదు. చీజ్ కోసం పాలను విరగ్గొట్టే దూడ ఎంజైమ్ కైమోసిన్‌ను ఆస్పర్జిల్లస్‌తో చేయించబోతే దిగుబడి అంతంతమాత్రమే. దాన్ని బూజు సొంత గ్లూకోఅమైలేజ్ తోకకు అతికిస్తే దిగుబడి బాగా పెరిగింది. బయటికొచ్చాక కైమోసిన్ తనను తానే కోసుకుని విడిపోతుంది.

వరిగడ్డి నుంచి ఇథనాల్ అంటూ సెల్యులోజ్‌ను కోసే ఎంజైమ్‌లను పొగిడే ప్రకటనలు, గడ్డిని ముందు ఆవిరితో ఉడికించి వదులు చేయాలన్న సంగతిని మింగేస్తాయి. బూజును పెంచే ట్యాంకులోనూ చిక్కులున్నాయి. పోగులు పెనవేసుకుంటే ద్రవం చిక్కబడి ఆక్సిజన్ అందదు. గట్టిగా కలియబెడితే పోగులు తెగుతాయి. కొసలు ఎక్కువైతే స్రావమూ ఎక్కువవుతుందని, పొట్టిగా, గుబురుగా కొమ్మలు వేసే రకాలను తయారుచేశారు. కొన్నిట్లో ప్రొటీన్ పెరిగింది. కొన్నిట్లో కొసలు మాత్రమే పెరిగాయి.