ఒక్కరే వెళ్లారా... సాయంత్రం జాగ్రత్త!

పగలు ఫర్వాలేదు. చూడాల్సినవి ఉంటాయి. దారులు అడగాలి, బస్సులు వెతుక్కోవాలి, ఫొటోలు తీసుకోవాలి. చిక్కంతా చీకటి పడ్డాకే. లాడ్జి గది, నాలుగు గోడలు, అర్థంకాని భాషలో టీవీ... 'ఎందుకొచ్చానురా బాబూ' అనిపించేది అప్పుడే. వారం ఉందామని వెళ్లి, మూడో రోజే తిరుగు టికెట్ కోసం వెతుక్కునేవాళ్లూ ఉంటారు. వాళ్లని వెనక్కి పంపేది ఊరు కాదు, ఆ సాయంత్రాలే!

కోల్‌కతానే తీసుకోండి. శరత్ నవలల్ని చక్రపాణి అనువాదాల్లో చదువుకున్న తెలుగువాళ్లకి అది చుట్టాల ఊరంత దగ్గర. తీరా హౌరా స్టేషన్లో దిగాక తెలుస్తుంది, అక్కడ మనల్ని పేరు పెట్టి పిలిచేవాళ్లు ఒక్కరూ లేరని. దానికితోడు ఆ ఊళ్లో పొద్దు తొందరగా వాలిపోతుంది. గడియారం మనకీ వాళ్లకీ ఒక్కటే. కానీ కోల్‌కతా హైదరాబాద్‌కి సుమారు పది డిగ్రీలు తూర్పున ఉంది. అందుకే డిసెంబరులో అక్కడ ఐదు కొట్టేలోపే సూర్యుడు అస్తమిస్తాడు. హైదరాబాద్‌లో అప్పటికి ఇంకా ముప్పావు గంట పొద్దుంటుంది. అంటే, రాత్రి భోజనం దాకా మూడు నాలుగు గంటల చీకటిని ఒక్కరే దాటాలన్నమాట.

పొద్దున ఏది, సాయంత్రం ఏది?

చాలామంది చేసే పని, సాయంత్రానికి అందమైన చోటు ఎంచుకోవడం. హుగ్లీ ఒడ్డున ప్రిన్సెప్ ఘాట్ అలాంటిదే. సూర్యాస్తమయం చూడ్డానికి జంటలూ కుటుంబాలూ వచ్చే చోటది. అంతమంది మధ్య ఒక్కరే నిలబడితే గుబులు పెరుగుతుందే తప్ప తగ్గదు. అలాంటివి పొద్దున పెట్టుకోండి. హౌరా నుంచి ఫెర్రీలో నది దాటడం, జొరాసాంకోలో టాగూర్ ఇల్లు చూడటం పగటి పనులు. సాయంత్రానికి మాత్రం, ఒంటరిగా కూర్చోవడం మామూలు విషయమైన చోటు కావాలి.

ఆ ఊళ్లో అలాంటివి ఉన్నాయి. కాలేజ్ స్ట్రీట్‌లో పాత పుస్తకాల దుకాణాలు బారులు తీరి ఉంటాయి. పుస్తకం తిరగేసేవాణ్ని 'తోడెవరూ రాలేదా' అని ఎవరూ అడగరు. పక్కనే ఇండియన్ కాఫీ హౌస్. 1942లో ఆల్బర్ట్ హాల్లో మొదలైన దీన్ని 1958 నుంచి సిబ్బంది సహకార సంఘమే నడుపుతోంది. 'ఇన్‌ఫ్యూజన్' అంటే పాలు లేని కాఫీ. అదొకటి ముందు పెట్టుకుని ఎంతసేపు కూర్చున్నా లేవమనే తొందర కనిపించదు. రద్దీగా ఉంటే ఖాళీ కుర్చీలో ఇంకొకరు వచ్చి కూర్చుంటారు. మాట కలిస్తే కలుస్తుంది, లేకపోతే చుట్టూ వినిపించే కబుర్లే తోడు.

ఒంటరివాళ్ల పంక్తి

తర్వాత భోజనం. పెద్ద రెస్టారెంట్లో నలుగురి టేబుల్ దగ్గర ఒక్కరే తినడం కంటే పైస్ హోటల్ నయం. చదువులకీ గుమాస్తా ఉద్యోగాలకీ వచ్చి, మెస్సుల్లో ఉండేవాళ్లకి పైసల్లో ఇంటి భోజనం పెట్టిన పూటకూళ్లివి. పేరూ అలా వచ్చిందే. కాలేజ్ స్ట్రీట్ దగ్గర భవానీ దత్తా లేన్లో ఉన్న స్వాధీన్ భారత్ హిందూ హోటల్ అలాంటిదే. అన్నం, పప్పు, వేపుడు, చేపల పులుసు... దేని ధర దానిదే. కొత్తవాళ్ల పక్కనే కూర్చుని తినాలి. ఇంటికి దూరంగా ఉన్నవాళ్ల కోసం పుట్టిన చోటు కాబట్టి, ఒంటరిగా రావడం అక్కడ వింతకాదు.

రెండోసారి వెళ్లండి

అన్నిటికంటే పనిచేసే చిట్కా మాత్రం పైసా ఖర్చులేనిది. నిన్న వెళ్లిన చోటికే ఇవాళా వెళ్లడం! రోజుకో కొత్త టీకొట్టు చూస్తే వారమంతా కొత్తవాళ్లుగానే మిగిలిపోతారు. లాడ్జి దగ్గర ఒక్క కొట్టు ఎంచుకోండి. 'దాదా, ఏక్‌టా చా' అంటే చాలు, మట్టి ముంతలో వేడివేడి టీ చేతికొస్తుంది. రెండోరోజు ఆయన గుర్తుపడతాడు. మూడోరోజు అడక్కుండానే ముంత అందిస్తాడు. స్నేహం కాకపోవచ్చు. కానీ ఆ ఊళ్లో మనల్ని ఎరిగినవాళ్లు ఒకరున్నారన్న ధీమా వస్తుంది. గదికి తిరిగి వెళ్లడానికి అది చాలు.

పరిచయం వేరు, వివరాలు వేరు. ముఖ్యంగా అమ్మాయిలు లాడ్జి పేరు, గది నంబరు కొత్తవాళ్లకి చెప్పొద్దు. ఇంటికి రోజూ ఒకే వేళకి ఫోన్ చేయండి. ఎదురుచూసేందుకు మీకొక మాట ఉంటుంది, వాళ్లకీ బెంగ తగ్గుతుంది. దిగులు మరీ ఎక్కువై నిద్రాహారాలు దూరమైతే దాచుకోవద్దు. 2022లో కేంద్ర ప్రభుత్వం ప్రారంభించిన టెలి మానస్‌కి 14416 నంబరులో ఏ వేళకైనా ఉచితంగా ఫోన్ చేసి తెలుగులో మాట్లాడొచ్చు. అవసరమైతే ముందే తిరిగి రావడం కూడా ఓటమేమీ కాదు.

కాకపోతే టికెట్ మార్చుకునే ముందు ఒక్క పని చేయండి. నిన్నటి టీకొట్టు దాకా నడిచి వెళ్లి, మరో ముంత టీ అడగండి!