పార్లమెంటు సంఘముల ఆచూకీ

పార్లమెంటనగానే మన కన్నులయెదుట నిలుచునది సభామందిరము. అందలి ఉపన్యాసములును, వాగ్వాదములును, వాకౌట్లును మరునాటి పత్రికలలో పతాకశీర్షికలగును. కాని బిల్లులోని యొక నిబంధన యే కారణమున మారెనో, ఒక శాఖ తనకు కేటాయించిన ధనమును ఎట్లు వెచ్చించెనో, నిలదీసినప్పుడు అధికారులు ఏమి సమాధానము చెప్పిరో తేలునది చాలవరకు ఆ మందిరమున గాదు. కొలదిమంది సభ్యులు బల్లచుట్టు కూర్చుండి కాగితములు తిరుగవేయు సంఘముల గదులలో. ఆ గదులలో ఏమి జరుగుచున్నదో వెదకిపెట్టుటకై బ్రిటిష్ పార్లమెంటు తన సంఘముల సమాచారమును ఒక ఏపీఐ మూలమున అందరికిని అందుబాటులో ఉంచినది.

ఏపీఐ యనగా ఒక కంప్యూటరు ప్రోగ్రాము మఱియొకదానిని నియమిత పద్ధతిలో ప్రశ్నించి జవాబు రాబట్టుకొను ద్వారము. పూర్వము రైతు కరణమువద్దకు పోయి సర్వే నెంబరు చెప్పి అడంగలు నకలు అడిగెడివాడు. నెంబరు సరిగా చెప్పినచో నకలు చేతికి వచ్చెడిది, లేనిచో కరణము తలయెత్తియైనను చూచెడివాడు కాడు. ఇచ్చటను అంతే. ప్రతి సంఘమునకు ఒక సంఖ్య కలదు. ప్రతి సభ్యునికిని ఒక సంఖ్య కలదు. సంఘపు సంఖ్య నిచ్చి సభ్యుల నడిగిన సభ్యుల పట్టికయు, వాఙ్మూలముల నడిగిన సాక్షుల పేర్లతోకూడ వాఙ్మూలములును, ప్రచురణల నడిగిన నివేదికలును వచ్చును. రుసుము లేదు, ముందుగా పేరు నమోదు చేసికొని తాళముచెవి పొందవలసిన పనియు లేదు. వచ్చు జవాబు జేసన్ అను రూపమున, పేరును విలువయు జంటలుగా నుండుటచే, చదువరికి కొంత కటువుగా తోచును. ఆ కాఠిన్యమును తొలగించి చక్కని పట్టికలుగా మార్చుటకు ఆర్ అను గణాంకభాషలో వ్రాసిన చిన్న ఉపకరణములు కలవు. పరిశోధకులును విలేఖరులును వాడుకొనునది సాధారణముగా వానినే.

ఇందు కొన్ని మెలకువలు లేకపోలేదు. సభ్యత్వపు పద్దులో ఆరంభతేది యొకటి, ముగింపుతేది యొకటి యుండును. ముగింపుతేది గడి ఖాళీగా నున్నచో ఆ వ్యక్తి నేటికిని సభ్యుడే యని అర్థము. 2024 మే 30న పార్లమెంటు రద్దయినప్పుడు సంఘములును దానితో అంతరించినవి. జూలై 4న ఎన్నికలు జరిగినను, అధ్యక్షుల ఎన్నిక సెప్టెంబరు వరకు జరుగలేదు. కావున ఆ ఆగస్టులో ప్రస్తుత సభ్యులెవరని కామన్స్ సంఘమును గూర్చి ప్రశ్నించినవానికి పేర్లు దొరకకున్నచో అది యంత్రదోషము గాదు, రాజ్యాంగస్థితి. అట్లే జవాబులు ఒక్కసారిగా రావు. విడతలు విడతలుగా వచ్చును. తొలివిడతతో తృప్తిపడి లెక్కకట్టినవాని లెక్క తప్పక తప్పును.

హాజరు వివరములును దొరకుటచే కొందరు వెంటనే సభ్యులకు ర్యాంకులు కట్ట మొదలిడుదురు. ఇది నాకు రుచింపదు. మూడుగంటలు కూర్చుండి ఒక్క ప్రశ్నయైన వేయని వానికిని, ఒక్క ప్రశ్నతో కార్యదర్శి నోట నిజము రాబట్టినవానికిని హాజరుపట్టీలో పడునది ఒకే గుర్తు. ఆ భేదము కావలెనన్న వాఙ్మూలపు పూర్తిపాఠమును చదువవలసినదే.

ఆ పూర్తిపాఠము అచ్చట లభించుట ప్రోగ్రామరుల ప్రజ్ఞవలన గాదు, ఆ సంఘముల ఆచారమువలన. వెస్ట్‌మినిస్టరులో గ్లాడ్‌స్టన్ ఆర్థికమంత్రిగా నుండగా 1861లో ప్రజాపద్దుల సంఘము ఏర్పడెను. 1979లో మంత్రిత్వశాఖలవారీగా సంఘములు వచ్చినవి. 2010 నుండి పెక్కు సంఘముల అధ్యక్షులను సభ్యులు రహస్య ఓటుతో ఎన్నుకొనుచున్నారు. సాక్షులను విచారించుట అచ్చట సాధారణముగా బహిరంగముగానే జరుగును. ప్రశ్నోత్తరములు అక్షరశః ప్రచురింపబడును. నివేదికకు ప్రభుత్వము రెండునెలలలో సమాధానమీయవలెనను ఆచారము కలదు. సభ్యులు తమలో తాము చర్చించుకొనునది మాత్రము తలుపులు మూసికొనియే. ఆ తలుపుల వెనుకనున్నది ఏ ఉపకరణమునకును అందదు.

ఇక మన దేశమునకు వచ్చినచో, ఇచ్చటి ప్రజాపద్దుల సంఘము 1921 నాటిది. స్వాతంత్ర్యానంతరము 1950లో వెలసిన అంచనాల సంఘమునకు తొలి అధ్యక్షుడు, పిమ్మట లోకసభ స్పీకరైన మన మాడభూషి అనంతశయనం అయ్యంగారు. శాఖలవారీ స్థాయీసంఘములు 1993లో పదునేడుగా మొదలై 2004లో ఇరువదినాలుగైనవి. ఒక్కొక్కదానియందు 31 మంది, లోకసభనుండి 21, రాజ్యసభనుండి 10. కాని మన నియమముల ప్రకారము సంఘముల సమావేశములు ఆంతరంగికములు. వాఙ్మూలము సభముందుంచు వరకు గోప్యము. అందుచే మన పార్లమెంటు వెబ్‌సైటైన డిజిటల్ సంసద్‌లో ప్రధానముగా లభించునవి ముగిసిన నివేదికలే. వాని చివర సమావేశముల మినిట్సును, హాజరైనవారి పేర్లును అనుబంధముగా నుండును గాని, అవి వాక్యములుగా నుండునే తప్ప పద్దులుగా నుండవు. పైగా ఇంటిపేరు ఒకచోట ముందు, ఒకచోట వెనుక, మరొకచోట పొడి అక్షరముగా వచ్చుచుండ, ఆ మువ్వురును ఒక్కరేయని యంత్రమునకు తెలియజేయుట సామాన్యమైన పని గాదు.

అయినను మన నివేదికలలో ఒక సుగుణము కలదు. స్థాయీసంఘపు సిఫారసులకు ప్రభుత్వము మూడునెలలలో చర్యల వివరము తెలుపవలెను. దానిపై సంఘము మఱియొక నివేదిక ప్రకటించును. అందు అయిదు అధ్యాయములు. రెండవదానిలో ప్రభుత్వ మంగీకరించిన సిఫారసులు, మూడవదానిలో సమాధానము విన్నపిమ్మట సంఘము పట్టుబట్టక విడిచినవి, నాలుగవదానిలో ప్రభుత్వ సమాధానము సంఘమునకు సమ్మతము గానివి, అయిదవదానిలో తుదిజవాబు ఇంకను రానివి. తీరిక లేని చదువరి తిన్నగా నాలుగవ అధ్యాయమును తెరువవచ్చును. అట్టి సమాధానములను సంఘము ఎందులకు త్రోసిపుచ్చినదో మొదటి అధ్యాయమున దాని మాటలలోనే యుండును.