నిన్న మూడు బుట్టలు, నేడు నాలుగు

కర్నూలు పాతపట్టణపు సందులలో గాని, కడపలో ఎర్రముక్కపల్లె వీధులలో గాని ఉదయవేళ నడచువారికి, ఇంటి ముంగిట నాపరాతి అరుగుమీద చిన్న ఎర్ర ప్లాస్టిక్ బుట్ట యొకటి తరచుగా కనబడుచుండును. అందులో చెత్త యుండదు. ఒక ఇంట అందు తులసిమొక్క పెరుగుచుండును. మరియొక ఇంట బట్టల క్లిప్పులుండును. వేరొక ఇంట అది పిల్లవాని ఆటవస్తువుల పెట్టె యైనది. 2021లో ప్రభుత్వము పట్టణములందు ఇంటింటికిని మూడేసి బుట్టలు పంచి, పచ్చనిది తడిచెత్తకు, నీలపుది పొడిచెత్తకు, ఎర్రనిది ప్రమాదకరమైన చెత్తకు అని బోధించినప్పుడు, ఆ మూటిలో మూడవది ఇట్లు వేరు ఉద్యోగములలో కుదురుకొనుటకు కారణము గృహిణి అలసత్వము కాదు. కాలిపోయిన బల్బును, గడువు తీరిన మాత్రలను, అయిపోయిన బ్యాటరీలను శ్రద్ధతో అందులో దాచిపెట్టి, వాటిని వేరుగా తీసికొనిపోవు మనిషికొరకు ఎదురుచూచి, ఎవరును రాకపోగా, ఆమె ఆ బుట్టను కడిగి మరియొక పనికి పెట్టుకొన్నది. ఇంటి చెత్తను గూర్చిన నియమములు మాటిమాటికి మారుచుండుటవలన సామాన్యగృహస్థునకు కలిగిన విసుగునకు ఇంతకంటె స్పష్టమైన సాక్ష్యము వేరొకటి అక్కరలేదు.

రాయలసీమ స్త్రీలు చెత్తను వేరుచేయుట ఎరుగనివారని ఎవరైన తలచినచో అది గొప్ప పొరపాటు. రెండు తరముల క్రిందటి వరకు ఈ ప్రాంతపు ఇంటిలో పారవేయదగిన వస్తువే అరుదు. బియ్యము కడిగిన నీళ్ళు, గంజి, కూరగాయల తొక్కలు కుడితితొట్టిలోనికి పోయి ఎనుములకు మేతకు తోడయ్యెడివి. పేడయు, బూడిదయు, ఊడ్చిన కసువును దిబ్బకు చేరి, తొలకరికి ముందు బండ్లమీద చేనికి తరలెడివి. చినిగిన చీరలు బొంతలయ్యెడివి. వేరుసెనగపొట్టు పొయ్యిలో మండెడిది. పాత ఇనుమునకును, పగిలిన ప్లాస్టిక్ బిందెకును మారుగా ఎర్రగడ్డలు తూచి ఇచ్చు వర్తకుని కేక నేటికిని వీధులలో వినబడుచునే యున్నది. వార్తాపత్రికలు, సీసాలు, అట్టపెట్టెలు గుజిరీ అంగడికి చేరుచునే యున్నవి. ఆ వర్తకుని తూకమునందు గృహిణికి అనుమాన ముండవచ్చును గాని, అతడు ఏది తీసికొనునో, దేనికి ఏమి ఇచ్చునో అను విషయమునందు వీధిలో ఎవ్వరికిని సందేహము లేదు. తాత కాలమున ఇనుమును తీసికొన్న వాని మనుమడు నేడును ఇనుమును తీసికొనుచున్నాడు. ప్రజలు ఆ వ్యవస్థను నమ్మిరి. నమ్మినందువలననే అది ఏ ప్రచారమును లేక నడచినది.

చట్టము ఈ రంగములోనికి ఆలస్యముగా ప్రవేశించినది. అల్మిత్రా పటేల్ 1996లో సుప్రీంకోర్టులో వేసిన ప్రజాప్రయోజన వ్యాజ్యము పర్యవసానముగా, 2000వ సంవత్సరమున కేంద్రప్రభుత్వము పురపాలక ఘనవ్యర్థముల నిబంధనలను వెలువరించెను. కుళ్ళిపోవు చెత్తకు పచ్చరంగు తొట్టి, మరల ఉపయోగమునకు వచ్చుదానికి తెల్లరంగు తొట్టి, తక్కినదానికి నల్లరంగు తొట్టి ఉండవలెనని అందు విధించిరి. 2016 ఏప్రిల్‌లో వాటికి బదులుగా క్రొత్త నిబంధనలు వచ్చి, ప్రతి గృహస్థుడును చెత్తను కుళ్ళునది, కుళ్ళనిది, ఇంటి ప్రమాదకర వ్యర్థము అని మూడుగా విభజింపవలెనని శాసించెను. మరుసటి యేడు, 2017 జూన్ 5న, ప్రపంచ పర్యావరణ దినమున, దేశమంతటను ప్రారంభమైన ప్రచారము మాత్రము పచ్చనిది, నీలపుది అని రెండు బుట్టలను గూర్చియే చెప్పినది. 2021 అక్టోబరు 2న ఆంధ్రప్రదేశములో పచ్చ, నీలము, ఎరుపు మూడును వచ్చెను. ఇప్పుడు 2026 జనవరిలో ప్రకటితమై, ఏప్రిల్ 1 నుండి అమలునకు నిర్ణయింపబడిన క్రొత్త నిబంధనలలో తడిచెత్త, పొడిచెత్త, పారిశుద్ధ్య వ్యర్థము, ప్రత్యేక జాగ్రత్త వలసిన వ్యర్థము అని నాలుగు విభాగములు ఏర్పడినవి. ఒకే ఇంట కాపురమున్న ఒకే గృహిణి తన సంసారజీవితములోనే తెలుపు నీలమగుటయు, నలుపు ఎరుపగుటయు, మూడు రెండై, రెండు మరల మూడై, మూడు నాలుగగుటయు చూచినదన్నమాట. ప్రతి మార్పునకును నిపుణుల వద్ద సహేతుకమైన కారణ ముండి యుండును. కాని ఆ కారణమును ఆమె గడపవద్దకు వచ్చి వివరించినవారు ఎందరు?

ప్లాస్టిక్ సంచుల కథ ఇంకను క్లిష్టము. వాటి మందము 1999 నిబంధనల ప్రకారము కనీసము 20 మైక్రాను లుండవలెను. 2011లో అది 40 అయినది. 2016లో 50 అయినది. 2021 సెప్టెంబరు 30 నుండి 75 అయినది. 2022 డిసెంబరు 31 నుండి 120 అయినది. మైక్రాను అనగా మిల్లీమీటరులో వేయవ వంతు. కర్నూలు సీ క్యాంపు రైతుబజారులో టమాటాలు అమ్ము స్త్రీ, తన చేతిలోని కవరు 75 మైక్రానులదో 120 మైక్రానులదో వ్రేళ్ళతో తడిమి ఎట్లు చెప్పగలదు? నిరుడు చట్టసమ్మతమైన సంచి నేడు అపరాధమైనప్పుడు, ఆ అపరాధమునకు మొదట చిక్కునది దానిని తయారుచేసిన కర్మాగారము కాదు, దానిని పంచిపెట్టు చిల్లర వ్యాపారి. సంచుల మందమును పెంచుటలో అర్థమున్నది: దళసరి సంచి గాలికి ఎగిరిపోదు, మరల వాడుకకు వచ్చును, ఏరువానికి నాలుగు పైసలు గిట్టును. ఇంత సులభమైన మాటను వాడుకభాషలో చెప్పుటకు బదులు, అంకెలను మాత్రమే గోడలమీద వ్రాయించుట వలన నిబంధన వెనుకనున్న మేలు మరుగుపడి, జరిమానా భయ మొక్కటే మిగిలినది.

ఇక 2021లో ప్రారంభమైన క్లీన్ ఆంధ్రప్రదేశ్ కార్యక్రమముతో బుట్టలతోపాటు రుసుమును వచ్చెను. అప్పటి ముఖ్యమంత్రి వై.ఎస్. జగన్మోహనరెడ్డి గాంధీజయంతినాడు విజయవాడలో నాలుగువేలకు పైగా చెత్తబండ్లను ప్రారంభించిరి. చెత్త సేకరణకు వినియోగదారులు రుసుము చెల్లింపవలెనను సూత్రము 2016 కేంద్ర నిబంధనలలోనే యున్నది. అది ఒక్క రాష్ట్రము కల్పించినది కాదు. కాని ఆస్తిపన్ను కట్టుచున్నవానికి, ఇంతకాలము దానిలోనే ఇమిడియున్నదనుకొన్న సేవకు మరల నెలనెల డబ్బు అడిగినప్పుడు, జనము దానికి చెత్తపన్ను అని పేరుపెట్టిరి. ఆ పేరే నిలిచిపోయినది. రుసుము కట్టలేదని 2022లో కర్నూలులో దుకాణముల యెదుట చెత్త పోసిన ఉదంతము రాష్ట్రమంతట వార్తయైనది.

కడపలో ఈ వివాదము మరింత ముదిరినది. 2024 ఆగష్టు నాటికి రాష్ట్రమున ప్రభుత్వము మారియుండెను. నగరపాలక సంస్థ మాత్రము వెనుకటి పాలకపక్షముచేతిలోనే యుండెను. రుసుము చెల్లించిననే చెత్త తీయుదురని మేయరు సురేశ్‌బాబు పక్షమువారు, చెల్లింప నవసరము లేదని శాసనసభ్యురాలు మాధవీరెడ్డి పక్షమువారు పట్టుదల వహించిరి. తుదకు చెత్తను తెచ్చి మేయరు ఇంటియెదుట పోయుటవరకు వ్యవహారము పోయినది. ఎవరి వాదములో న్యాయమెంత అను చర్చ నాకు ముఖ్యము కాదు. ఆ దినములలో వీధిచివర కుప్పలో మూడు రంగుల బుట్టలలోని చెత్తయు ఒక్కటిగా కలిసి కుళ్ళినదను సంగతియే నన్ను బాధించుచున్నది. ఎన్నో నెలలపాటు పిల్లలకు సహితము నేర్పి, తొక్కలొకచోట, కాగితము లొకచోట వేయించిన తల్లి ఆ కుప్పను చూచి ఏమనుకొని యుండును?

2024 అక్టోబరు 2న మచిలీపట్నములో ముఖ్యమంత్రి చంద్రబాబునాయుడు చెత్తపన్ను రద్దును ప్రకటించిరి. తరువాత చట్టమును సవరించిరి. 2025 జనవరి 18న కడప జిల్లా మైదుకూరులో, నెలకొక శనివారము పరిశుభ్రతకు కేటాయించు స్వచ్ఛాంధ్ర కార్యక్రమము మొదలైనది. అదే సంవత్సరము మే 17న ముఖ్యమంత్రి ఆ కార్యక్రమమునకే కర్నూలునకు వచ్చిరి. పథకము పేరు మారినది, నినాదము మారినది, బండిమీది బొమ్మ మారినది. బండి మాత్రము ఏ వేళకు వచ్చునో, వచ్చినది ఏ చెత్తను తీసికొనునో అను ప్రశ్నలు చాలవీధులలో అట్లే యున్నవి.

"ఏమప్పా, రెండు బక్కెట్లలో వేరేవేరే ఎత్తిపెట్టినా గదా, రెండూ ఒగ దాంట్లోనే గుమ్మరిస్తివే!" అని ఇల్లాలు అడుగును. "ఈ పొద్దు ఆటో రాలేదక్కా, ట్రాక్టరులో ఉండేది ఒగటే తొట్టి, నన్నేం జెయ్యమంటావు?" అని కార్మికుడు చెప్పును. ఇట్టి సంభాషణ ఈ పట్టణములలో అపూర్వము కాదు. ఇద్దరిలో ఎవ్వరిదియు తప్పు కాదు. కాని ఆ మరునాటినుండి ఆమె రెండు బుట్టలు పెట్టుట మానివేయును. ఒకసారి మానిన అలవాటును మరల నిలబెట్టుట, మొదట నేర్పినదానికంటె ఎన్నో రెట్లు కష్టము. విధానములు వ్రాయువారు ఈ ఒక్క విషయమును గుర్తించినను చాలును.

కరువుసీమకు ప్రత్యేకమైన చిక్కు ఇంకొకటి యున్నది. రాజధానులలో కూర్చుండి నియమములు కూర్చువారికి అది సులభముగా తోచదు. పాలకవరును, పెరుగుకవరును, నూనెప్యాకెట్టును కడిగి ఆరబెట్టి పొడిచెత్తలో వేయుడని ప్రచారకులు చెప్పుదురు. ఏప్రిల్, మే మాసములలో కుళాయినీరు ఎప్పుడు వచ్చునో తెలియక, బిందెలు వరుసబెట్టి కాచుకొనియుండు కుటుంబమును, నూనెప్యాకెట్టు కడుగుటకు చెంబెడు నీళ్ళు ఖర్చుచేయుమని అడుగుట న్యాయమా? అంట్లు తోమిన నీటిలోనే కవరును జాడించి, దండెముమీద క్లిప్పుపెట్టి ఆరవేసిన ఇల్లాండ్రు ఉన్నారు. వారి ఓర్పునకు నమస్కరింపవలెను. తడిచెత్త స్థితియు ఇట్టిదే. ఈ ఎండలకు వంకాయతొడిమలు, అరటితొక్కలు మధ్యాహ్నమునకే వడలి ఎండిపోవును. ఎరువు తయారగుటకు కావలసిన తేమను కాపాడుటకు పైన నీళ్ళు చల్లవలెను. వేసవిగాలికి పలుచని కవర్లు లేచి తుమ్మకంపలకు చిక్కుకొని, మేతకు వచ్చిన పశువుల కడుపులోనికి పోవును. కృష్ణాతీరమునకును, రాయలసీమకును ఒకే కరపత్రమును ముద్రించినచో ఈ సంగతులు అందులో ఎట్లుండును?

ఇంటినుండి బయలుదేరిన చెత్త కర్నూలులో గార్గేయపురమువద్దకును, కడపలో కొలుములపల్లెవద్దకును చేరుచుండును. పట్టణమువారు బుట్టల రంగులను గూర్చి వాదించుకొనుచుండగా, ఆ పల్లెలవైపున కుప్పలు పెరిగినవి. రాష్ట్రమంతటను 85 లక్షల టన్నుల పాతచెత్త పేరుకొనియున్నదని 2024లో ప్రభుత్వమే చెప్పినది. దానిని త్రవ్వి, తిరుగు జల్లెడయంత్రములలో పోసి, మట్టిని వేరుగా, ప్లాస్టిక్కును వేరుగా, రాళ్ళను వేరుగా తీయుటకు అగు వ్యయమంతయు, మొదటిదినముననే ఇంటివద్ద వేరుచేసిన చెత్తను కలపకుండ కొనిపోయినచో అక్కరలేని వ్యయము.

విభాగముల సంఖ్య ఎక్కువైనందువలననే జనము విసుగుచెందుదురను మాటను నేను నమ్మను. జపానులో కామికట్సు అను చిన్న కొండయూరు 2003లో తన చెత్తను పూర్తిగా లేకుండ చేసికొందుమని ప్రకటించి, నేడు నలుబదికి పైగా రకములుగా విభజించుచున్నది. అక్కడ చెత్తబండి రాదు. ఊరివారే తమ చెత్తను కేంద్రమునకు తెచ్చి, సీసా మూతను సీసానుండి వేరుచేసి వేయుదురు. ప్రతి పెట్టెమీదను ఆ వస్తువు ఎక్కడకు పోవునో, దానిని వదిలించుటకు ఊరికి ఎంత ఖర్చగునో, లేక ఎంత రాబడి వచ్చునో వ్రాసియుండును. మన దేశములోనే ఇండోరు నగరము ఆరు రకములుగా చెత్తను సేకరించుచున్నది; అక్కడి బండిలో ఆ అరలు నిజముగా ఉన్నవి. గృహస్థుడు చేసిన శ్రమ చివరివరకు చెల్లుచున్నదని కంటికి కనబడినప్పుడు నలుబదియు భారము కావు. కనబడనప్పుడు రెండును భారమే.

కావున క్రొత్త నిబంధనలు అమలుచేయు కర్నూలు, కడప అధికారులను కోరునది ఒక్కటే: నాలుగవ బుట్టను గూర్చి చెప్పుటకు ముందు నాలుగు అరల బండిని వీధిలోనికి పంపుడు. బల్బులు, రంగుడబ్బాలు, పాదరసపు ఉష్ణమాపకములు, మిగిలిపోయిన మందులు ప్రత్యేక జాగ్రత్త వలసిన వ్యర్థములని నిబంధన చెప్పుచున్నది. వాటిని ఏ వార్డులో, ఏ భవనమున, ఏ వేళలో తీసికొందురో వార్డు కార్యాలయపు గోడమీద తెలుగులోను, ఉర్దూలోను వ్రాయింపుడు. ఆ తరువాత పదేండ్లవరకు రంగులను మార్చకుడు.

పారిశుద్ధ్య వ్యర్థమను విభాగమును గూర్చి మాత్రము నేను ఇంటివారితోనే మాటాడదలచితిని. స్త్రీలు వాడి తీసిన ప్యాడ్లు, పసిపిల్లల డైపర్లు ఇందులోనికి వచ్చును. వీటిని గట్టిగా చుట్టి పొడిచెత్త బుట్టలో వేయవలెనని 2016లోనే విధించిరి. చుట్టుటకు తగిన సంచిని ప్రతి ప్యాకెట్టుతోపాటు తయారీదారులే సమకూర్పవలెనని కూడ అందున్నది. ఎన్ని ప్యాకెట్లలో ఆ సంచి వచ్చుచున్నదో కొనువారందరికిని తెలియును. అయినను ఈ ఒక్కదానికి బండిలో అర యున్నదా లేదా అని చూచుకొని కూర్చుండరాదు. వేకువజామున చేతిసంచియు, చీపురును పట్టుకొని వచ్చు పారిశుద్ధ్య కార్మికురాలు, మనము కలిపివేసినదానిని చేతులతోనే విడదీయుచున్నది. జీతముల విషయమై 2023 డిసెంబరు 26 నుండి రెండువారములకు పైగా రాష్ట్రములోని పురపాలక కార్మికులు సమ్మెచేసినప్పుడు, వారు లేని వీధి ఎట్లుండునో మనము చూచితిమి. కంపెనీవాడు సంచి ఇయ్యకున్నను, పాత వార్తాపత్రికలో గట్టిగా చుట్టి, పైన దారము కట్టి, తడిచెత్తలో పడకుండ ఆమె చేతికి వేరుగా అందించుటకు ఏ నోటిఫికేషనును అక్కరలేదు. రేపటి ఉదయమే మొదలుపెట్టవచ్చును.