రక్తరసములో లోపించిన ఎంజైము

శస్త్రచికిత్సకు మత్తు ఇచ్చునపుడు, శ్వాసనాళములోనికి గొట్టము పంపుటకు వీలుగా కండరములను సడలించు సక్సినైల్ కోలిన్ అను మందును కొన్ని సందర్భములలో వాడుదురు. సామాన్యముగా దీని ప్రభావము కొద్ది నిమిషములలో తీరిపోవును. కాని అరుదుగా ఒక రోగి గంటలు గడచినను తనంతట తాను ఊపిరి తీసుకొనలేడు. ఇందులకు కారణమేమి?

మన రక్తరసములో బ్యుటిరిల్ కోలినెస్టరేజ్ అను ఎంజైము కలదు. దీనిని కాలేయము తయారుచేయును. పై మందును విరుగగొట్టునది ఇదియే. తల్లి నుండియు తండ్రి నుండియు లోపించిన జన్యువే సంక్రమించినవారికి ఈ ఎంజైము పనిచేయదు. అయినను నిత్యజీవితములో వారికి ఏ బాధయు ఉండదు. ఆ మందు ఇచ్చిననాడే లోపము బయటపడును.

ఇతరులలో మిక్కిలి అరుదైన ఈ లోపము ఆర్యవైశ్యులలో అంత అరుదు కాదు. పశ్చిమ గోదావరి జిల్లాలోని పెనుగొండ వీరి పుణ్యక్షేత్రము. కోయంబత్తూరులోని భారతియార్ విశ్వవిద్యాలయ శాస్త్రజ్ఞులు విదేశీ సహచరులతో కలిసి చేసిన పరిశోధన 2006లో వెలువడినది. ఎంజైము గొలుసులో 307వ స్థానమున ల్యూసిన్‌కు బదులు ప్రోలిన్ చేరుటయే లోపమునకు మూలమని అది తెలిపినది. కొద్దిమంది పూర్వీకుల సంతతి తరతరములుగా తమలోతామే వివాహమాడినచో, ఒకరిలోని మార్పు అనేకులకు చేరును. ఇది ఒక్క వర్గపు సంగతి కాదు. హైదరాబాదులోని సి.సి.ఎం.బి. శాస్త్రజ్ఞులు పాల్గొన్న 2017 నాటి పరిశోధనలో, దక్షిణాసియాకు చెందిన 263 వర్గములలో 81 వర్గములయందు ఇట్టి చరిత్ర బలముగా కనిపించినది.

పరీక్ష సులభము. కొద్దిపాటి రక్తరసమునకు బ్యుటిరిల్ థయోకోలిన్, డి.టి.ఎన్.బి. అను రసాయనములను కలుపుదురు. ఎంజైము మొదటిదానిని ఖండించును. వెలువడిన ముక్క రెండవదానితో చర్య జరిపి పసుపురంగునిచ్చును. రంగు ఎంత వేగముగా ముదిరిన ఎంజైము అంత చురుకైనదన్నమాట. రంగు రాకున్న అది పనిచేయుట లేదు. ఎంజైము ఉండియు గుణము మారిన సందర్భములు కలవు. వానికొరకు 1957లో కలో, జెనెస్ట్ అనువారు మరియొక పరీక్షను వెల్లడించిరి. డిబుకైన్ అను మందు మంచి ఎంజైమును సుమారు 80 శాతము అణచును. గుణము మారినదానిని సుమారు 20 శాతమే అణచును.

ఇచట ఒక జాగ్రత్త అవసరము. ఆర్గానోఫాస్ఫేట్ పురుగుమందులు ఒంటిలో చేరినను, కాలేయము చెడినను ఈ ఎంజైము తగ్గును. గోదావరి డెల్టా వంటి వరిసీమలో దీనిని మరువరాదు. అందుచే కొన్ని వారముల తరువాత మరల పరీక్షింతురు. పురుగుమందు వలని లోపము క్రమముగా తీరును; వంశానుగతమైనది తీరదు. బంధువుల రక్తపరీక్ష, జన్యుపరీక్ష సంగతిని నిర్ధారించును.

లోపము ముందే తెలిసినచో వైద్యుడు వేరు మందు వాడును. తెలియక ఇచ్చినను, ప్రభావము తీరువరకు యంత్రముతో శ్వాస అందించినచో రోగి కోలుకొనును. ఇందులో సిగ్గుపడవలసినది లేదు. మత్తు ఇచ్చిన పిదప ఇంటిలో ఎవరికైనను ఇట్లు జరిగియున్నచో, ఆ మాట శస్త్రచికిత్సకు ముందే వైద్యునికి చెప్పవలెను.